అజమత్ చదవని నలభై టెలిగ్రాములు

ప్రతి ఉదయం డ్యూటీ ఎక్కగానే అజమత్ అలీ బల్ల సొరుగులోంచి ఖాళీ సిగరెట్ డబ్బా ఒకటి తీసి సౌండర్ వెనక ఇరికించేవాడు. సౌండర్ అంటే తీగలో కరెంటు వచ్చినప్పుడల్లా టకటకమని కొట్టుకునే ఇత్తడి పనిముట్టు. రెండు చప్పుళ్ళ మధ్య ఎడం పొట్టిదా, పొడుగుదా అన్నదాన్ని బట్టి అది ఏ అక్షరమో, ఏ అంకో తెలుస్తుంది. వెనక రేకు డబ్బా ఉంటే ఆ చప్పుడు ఖంగుమని మోగుతుంది. ఆ రోజుల్లో చాలామంది తార్‌బాబులు, అంటే టెలిగ్రాఫ్ గుమస్తాలు, డబ్బా పెట్టుకునేవారు. అజమత్‌కు మాత్రం అది సరదా కాదు. ఆయన ఎడమ చెవి సగానికి పైగా పోయింది. ఆ సంగతి భార్య గౌసియాబీకి తప్ప ఎవరికీ తెలియదు.

సొంతూరు యాలాల్. 1969లో తాండూరు తంతి ఆఫీసుకు బదిలీ అయ్యాడు. ఆందోళనలతో బడులు మూతపడిన ఏడు అది. నలభై రెండేళ్ళ మనిషి, సన్నగా ఉండేవాడు. టెలిగ్రాం రాసిచ్చేటప్పుడు అక్షరాలు అచ్చు కొట్టినట్టు ఉండేవి. చదువు మెట్రిక్ దాకానే. లెక్కలంటే మాత్రం ఇష్టం.

తంతి గది కిటికీ బజారు వైపు తెరుచుకునేది. రోడ్డుకు అవతల ఒక చాయ్ హోటల్. అక్కడ కిటికీకి ఎదురుగా ఉన్న బల్ల వెంకటయ్యది. రైల్వేలో ముప్పై ఒక్కేళ్ళు సిగ్నలర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. మోర్స్ చప్పుడు ఆయన చెవికి మాట్లాడే భాషతో సమానం. డబ్బా మోగుతుంటే చాయ్ తాగుతూ వింటూ, కూర్చున్నవాళ్ళకు చదివి వినిపించేవాడు. ఫలానా వాళ్ళ అల్లుడు రేపు రాయిచూరు బండికి దిగుతున్నాడని, ఫలానా వాళ్ళకు మనుమడు పుట్టాడని, టెలిగ్రాం ఇంటికి చేరేలోపు బజారుకు తెలిసిపోయేది. అందులో కుట్ర ఏమీ లేదు. విన్నది విననట్టు ఉండటం ఆయనకు చేతకాదు, అంతే. విన్నవి ఒక నోటుబుక్కులో రాసుకునే అలవాటు కూడా ఉంది.

1973 సెప్టెంబరు నుంచి ఆ నోటుబుక్కులోకి ఒక కొత్త రకం టెలిగ్రాం రావడం మొదలైంది. ప్రతి శనివారం మధ్యాహ్నం, వికారాబాద్ నుంచి. చిరునామా హైస్కూలు టీచరు చంద్రశేఖర్‌ది. లోపల మాటలు ఉండవు. ఐదంకెలు మాత్రమే.

చంద్రశేఖర్ భార్య అరుణాదేవి ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేది. ఆ ఆగస్టులో ఆమె దగ్గితే రుమాలుకు రక్తం అంటింది. అనంతగిరి కొండ మీది ఆసుపత్రిలో చేర్చారు. ఊళ్ళో మాత్రం ట్రైనింగుకు వికారాబాద్ పోయిందని చెప్పారు. టీబీ అన్న మాట బయటికి వస్తే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. వాళ్ళ ఇంటి యజమానురాలు ఈశ్వరమ్మ అంతకుముందు ఏడాది దగ్గుతున్న ఒక కిరాయిదారును వారం తిరక్కుండా ఖాళీ చేయించింది. అరుణాదేవి రేపు పూర్తిగా నయమై వచ్చినా, పిల్లల తల్లిదండ్రులు ఆమెను తరగతి గదిలోకి రానివ్వరు. ఆమెకు కావలసింది ఒక్కటే, జూన్‌లో బడి తెరిచేనాటికి మళ్ళీ నల్లబోర్డు ముందు నిలబడటం.

ఉత్తరం రాస్తే కవరు మీద ఆసుపత్రి ముద్ర పడేది. పైగా పరీక్షల ఫలితాలు శనివారం పొద్దున చెప్పేవారు, చూడటానికి వచ్చేవాళ్ళను ఆదివారమే రానిచ్చేవారు. శనివారానికీ జ్వరం తగ్గకపోతే ఆ ఆదివారం కూడా రానివ్వరు. ఒక్కరోజులో కబురు చేరాలంటే టెలిగ్రామే దారి. అందుకని భార్యాభర్తలు ఒక ఏర్పాటు చేసుకున్నారు. మొదటి రెండంకెలు ఆమె బరువు. మూడోది ఆ వారంలో జ్వరం వచ్చిన రోజులు. నాలుగోది కఫం పరీక్ష, క్రిములుంటే ఒకటి, లేకపోతే సున్నా. ఐదోది ఆదివారం రమ్మంటే ఒకటి, వద్దంటే సున్నా. ఐదంకెలకు ఒక్క మాట ఖరీదే పడుతుంది. ఎవరికీ తెలియకుండా ప్రతి అంకెకూ బదులు వేరే అంకె పెట్టుకున్నారు. మూడుకు బదులు ఆరు, ఎనిమిదికి బదులు రెండు, తొమ్మిదికి బదులు ఐదు, ఇలా. ముప్పై ఎనిమిది కిలోలు అరవై రెండుగా వచ్చేది. వార్డులో పనిచేసే హాజిరాబీ శనివారం కొండ దిగి ఆ చీటీ వికారాబాద్ తంతి కౌంటర్లో ఇచ్చేది.

లెక్కల టీచర్లు ఇద్దరూ. అది చాలనుకున్నారు.

అక్టోబరు చివరి శనివారం చంద్రశేఖర్ హోటల్లో చాయ్ తాగుతుంటే వెంకటయ్య అవతలి బల్ల నుంచి పలకరించాడు.

“పంతులూ, మేకనేమన్న సాదుతున్నవా?”

“మేకేంది?”

“మరి శనివారం శనివారం తూకమొస్తున్నది గద. మొదటంకె మారకుంట, రెండోది నెమ్మదిగ మారుకుంట వచ్చింది. ఇయ్యాల రెండూ ఒక్కతూరే మారినయ్. తొమ్మిది నిండి పది ఎక్కితేనే గట్లయితది. మంచిగనే బలుస్తున్నట్టుంది.”

హోటలంతా నవ్వింది. చంద్రశేఖర్ కూడా నవ్వాడు. చాయ్ సగం అలాగే వదిలి రోడ్డు దాటి తంతి గదికి వచ్చాడు.

వెంకటయ్య చేసింది మంత్రం కాదు. అంకె బదులు అంకె పెట్టే రహస్య లిపికి పుట్టుకతోనే ఒక లోపం ఉంది. వేషం మారుతుంది గానీ నడక మారదు. మూడు ఎప్పుడు వచ్చినా ఆరుగానే వస్తుంది. ఎక్కువసార్లు వచ్చే అంకె వేషంలోనూ ఎక్కువసార్లే వస్తుంది. ముప్పై తొమ్మిది తర్వాత నలభై వస్తే, వేషం ఏదైనా రెండంకెలూ ఒకేసారి మారక తప్పదు. అక్షరాలకు బదులు అక్షరాలు పెట్టిన పాత రాజుల కాలపు లేఖలన్నీ ఇలా లెక్క పెట్టేవాళ్ళ చేతిలోనే దొరికిపోయాయి.

చంద్రశేఖర్ కౌంటరు దగ్గర గొంతు తగ్గించి, వెంకటయ్య అన్న మాటలు చెప్పి, భాయ్, ఆ తూకం ఎవరిదంటే, అని మొదలుపెట్టాడు. అజమత్ చెయ్యెత్తి ఆపేశాడు.

“ఎవలదో నాకు చెప్పొద్దు సార్. చెప్తే నాకు ఎర్కయితది. ఎర్కయితే ఎప్పుడో ఒకనాడు నోట్లకెళ్ళి వస్తది.”

ఆ సాయంత్రం తన డబ్బా వైపు ఆయన చాలాసేపు చూశాడు. మోత దానిదే. మరుసటి రెండు రోజులు తీసేసి పనిచేసి చూశాడు. అవతలివాళ్ళను మళ్ళీ పంపమని ఏడుసార్లు అడగాల్సి వచ్చింది. ఒకచోట పదిహేను అనవలసింది యాభై రాసి, దిద్దుకున్నాడు. డబ్బా మళ్ళీ పెట్టాడు. తన చెవి బాగుపడదు. వెంకటయ్య చెవి పాడవదు. తీగ మీద పోయేది ఊరంతా వింటున్నదనే అనుకోవాలి. ఇక మార్చడానికి మిగిలింది కాగితం మీది అంకెలే.

బుధవారం నాటికి ఆయన దగ్గర ఒక పద్ధతి తయారైంది. ప్రపంచంలో ఎక్కడో ఎవరో దాన్ని ముందే కనుక్కున్నారని ఆయనకు తెలియదు. మామూలు కూడిక నుంచి వచ్చాడు, అంతే.

ఒక కాగితం మీద ఇరవై ఆరు వరుసలు. ఆరు నెలలకు సరిపడా. వరుసకు ఐదంకెలు, అడ్డదిడ్డంగా. అదే కాగితం రెండు ప్రతులు, ఒకటి వికారాబాద్‌లో, ఒకటి తాండూరులో. పంపేవాళ్ళు అసలు అంకెల కింద ఆ వారం వరుస రాసుకుని, ఏ అంకెకు ఆ అంకె కూడాలి. పదులు మోయకూడదు. ఏడూ ఎనిమిదీ పదిహేను అయితే ఐదు మాత్రం రాసి ఒకటి వదిలేయాలి. అందుకున్నవాళ్ళు అదే వరుసను తీసేస్తారు. పైఅంకె చిన్నదైతే పది కలుపుకుని తీస్తారు. అసలు సంగతి 40211, వరుస 58339 అనుకోండి. తీగ మీద పోయేది 98540. వచ్చే వారం వరుస వేరు కాబట్టి అదే నలభై ఇంకో వేషంలో పోతుంది. నాలుగుకు ఒక శాశ్వతమైన బదులంటూ ఉండదు. వేషంతో పాటు నడకా మారిపోతుంది.

మొదటి కాగితం అజమత్ తనే మనసుకు తోచిన అంకెలతో రాశాడు. గౌసియాబీ దాన్ని చూసి ఒక మాట అంది. ఆమెకు చదువు అంకెల వరకే వచ్చు. ఇన్ని అంకెల్లో ఒక్కచోట కూడా ఏడు పక్కన ఏడు రాలేదేమని అడిగింది. పచ్చీసు ఆటలో గవ్వలు వేస్తే ఒకే పందెం వెంటవెంట ఎన్నిసార్లు పడదు, మీరు రాస్తే ఎందుకు పడలేదు, అంది. అజమత్ లెక్కపెట్టి చూశాడు. నిజమే. అడ్డదిడ్డంగా రాస్తున్నానని అనుకుంటూ మనిషి చెయ్యి తెలియకుండానే ఒక వరస పట్టుకుంటుంది. ఆ వరస వెంకటయ్యలాంటివాడికి చాలు. కాగితం చించేశాడు.

మర్నాడు చంద్రశేఖర్‌కు పది చీటీలు ఇచ్చి, సున్నా నుంచి తొమ్మిది దాకా రాసి టోపీలో వేసుకోమన్నాడు. ఒకటి తియ్యాలి, రాసుకోవాలి, మళ్ళీ టోపీలో వేసి కలపాలి. నూట ముప్పైసార్లు. ఇంట్లో తలుపు వేసుకుని చెయ్యమన్నాడు.

“మీరు గుడ రాండ్రి భాయ్, తొందరగ అయితది,” అన్నాడు చంద్రశేఖర్.

“నేను రాను. గా కాగితం నేను చూడొద్దు. తార్ నా చేతులకెళ్ళే పోతది, అయినా నాకు సమజ్ గావద్దు. గప్పుడే అది మంచి తాళం.”

ఇంకో షరతు కూడా పెట్టాడు. వాడిన వరుసను వెంటనే చించి కాల్చేయాలి. రెండోసారి ముట్టుకోకూడదు. నవంబరు మొదటి ఆదివారం చంద్రశేఖర్ ఒక ప్రతి జేబులో పెట్టుకుని ప్యాసింజరు ఎక్కాడు.

ఆ తర్వాత అజమత్ చేసిన పని ఊళ్ళో ఇంకెవరూ చేసి ఉండరు. హోటల్‌కు వెళ్ళి, వెంకటయ్య బల్ల దగ్గర కూర్చుని, పద్ధతి మొత్తం చెప్పేశాడు. కాగితం, ఇరవై ఆరు వరుసలు, పదులు మోయని కూడిక, అన్నీ. తాళం ఎలా చేశామో చెప్పినంత మాత్రాన తలుపు తెరుచుకుంటే అది తాళమే కాదని ఆయన ఆలోచన. ఇంకో కారణమూ ఉంది. దీన్ని విప్పగలిగినవాడు ఈ తాలూకాలో ఉంటే వెంకటయ్యే. ఆయన ప్రయత్నించి ఓడిపోతే తప్ప నమ్మకం కుదరదు.

వెంకటయ్య చాయ్ సాసర్లో పోసుకుని విన్నాడు. ఐదంకెలంటే లక్ష రకాలే గదా అన్నాడు.

“ఒక్కొక్కటే పెట్టి చూస్త. నాకేం పనున్నది?”

“చూడన్నా. లచ్చ వరుసలు పెడ్తే లచ్చ జవాబులొస్తయ్. గండ్ల నిజమేదో నువ్వే చెప్పాలె.”

వెంకటయ్య సాసరు కింద పెట్టాడు. 98540ని ఒక వరుసతో తీస్తే 40211 వస్తుంది, ఇంకో వరుసతో తీస్తే 75000 వస్తుంది, మరొక దానితో ఏది కావాలంటే అది వస్తుంది. ఏ జవాబూ ఇంకో జవాబు కంటే నిజంలా కనబడదు. ఎన్ని వరుసలు ప్రయత్నించినా ఏది సరైనదో చెప్పే గుర్తు ఆ టెలిగ్రాంలో లేదు. అయినా ఆయన ఊరుకోలేదు. ఎండాకాలం దాటకముందే విప్పుతానని, లేకపోతే హోటల్లో ఉన్నవాళ్ళందరికీ చాయ్ పోయిస్తానని అందరి ముందు పందెం కాశాడు.

చలికాలమంతా శనివారం శనివారం ఐదంకెలు మోగాయి. హోటల్లో ఎవరో ఒకరు, మేక ఎంతకొచ్చిందే అని వెంకటయ్యను ఎగతాళి చేసేవారు. ఆయన నోటుబుక్కులో ఎదుగూ బొదుగూ లేదు. అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తూనే ఉన్నాయి. ఫిబ్రవరి నాటికి నవ్వులు తగ్గాయి. మార్చిలో అడగడమే మానేశారు. కొండ మీద అరుణాదేవి నలభై ఎనిమిదికి వచ్చింది. ఆ సంగతి తాండూరులో ఒక్క మనిషికే తెలుసు.

1974 మే నాలుగున ఇరవై ఆరో వరుస అయిపోయింది. కొత్త కాగితం చంద్రశేఖర్ అప్పటికే తయారు చేసి ఉంచుకున్నాడు. మర్నాడు రావద్దని ఆ టెలిగ్రాంలో ఉండటంతో పై ఆదివారం తీసుకుపోదామనుకున్నాడు. మే ఎనిమిదిన రైల్వే సమ్మె మొదలై బండ్లు ఆగిపోయాయి.

బస్సు ఉంది. కానీ రైల్లో మనిషి గుంపులో కలిసిపోతాడు, బస్సులో పక్క సీటువాడు యాడికని అడుగుతాడు. ఆ రోజుల్లో తాండూరు బస్సెక్కితే అందులో సగంమంది ముఖాలు తెలిసినవే. ఎనిమిది నెలలకు పైగా దాచిన సంగతి ఒక టిక్కెట్టుతో బయటపడుతుందని చంద్రశేఖర్ ఆగిపోయాడు. కాగితం ఇంట్లోనే ఉంది. రహస్యం పంపడానికి తాళంచెవి కావాలి, ఆ తాళంచెవి పంపడమే మళ్ళీ ఒక రహస్యం. సైన్యాలూ రాయబారులూ వందల ఏళ్ళు తల పట్టుకున్న చిక్కు ఇదే.

కొండ మీద అరుణాదేవి దగ్గర వరుసలు లేవు. కాగితం మాత్రం ఉంది. వాడిన వరుసను చించి కాల్చమన్నది అజమత్ షరతు. ఆమె కాల్చలేదు. పదేళ్ళుగా మార్కుల రిజిస్టర్లు రాసిన టీచరు, అంకెలున్న కాగితాన్ని నిప్పులో వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఎర్ర సిరాతో చక్కగా గీత కొట్టి దాచుకుంది. ఇంట్లో చంద్రశేఖర్ చేసిందీ అదే. మే పదకొండున ఆమె మళ్ళీ మొదటి వరుస నుంచి మొదలుపెట్టింది. టెలిగ్రాం అందుకున్న చంద్రశేఖర్ పాత కాగితం తీసి మొదటి వరుసతో తీసి చూశాడు. 51000 వచ్చింది. యాభై ఒకటి, జ్వరం లేదు, క్రిములు లేవు, బండ్లు లేవు గనక రావద్దు. సరిగ్గానే ఉంది కదా అనుకున్నాడు. తర్వాతి శనివారం రెండో వరుస, ఆ తర్వాత మూడోది.

మే ఇరవై ఐదు మధ్యాహ్నం వెంకటయ్య హోటల్లోంచి లేచి రోడ్డు దాటి తంతి గదికి వచ్చాడు. ఐదేళ్ళలో ఆయన కౌంటరు దాకా రావడం అదే మొదటిసారి. అజమత్ ఎడమ పక్కన నిలబడి ఏదో అన్నాడు. జవాబు రాకపోతే ఒక్క క్షణం డబ్బా వైపు చూసి, నడిచి కుడి పక్కకు వచ్చాడు. ఖాళీ ఫారం ఒకటి తీసుకుని మూడు సంఖ్యలు రాశాడు. 11899. 11999. 11999.

“గీ మూడు శనివారాలవి, నవంబర్ల వచ్చిన మూడింట్లకెళ్ళి తీసిన. గా కాగితం మల్ల మొదటికెళ్ళి మొదలువెట్టిండ్రు, సాబ్.”

ఆయన కొత్త టెలిగ్రాం వచ్చినప్పుడల్లా పాతవాటన్నిటితో ఒక్కొక్కదాన్ని తీసి చూస్తున్నాడు. ఆరు నెలలపాటు చెత్తే వచ్చింది. వరుసలు వేరైనప్పుడు తేడా కూడా అడ్డదిడ్డమే. కానీ రెండు టెలిగ్రాముల మీద ఒకే వరుస కూడి ఉంటే, ఒకదాన్ని ఇంకోదాంట్లోంచి తీసినప్పుడు ఆ వరుస రెండు వైపులా కొట్టుకుపోతుంది. తాళం దానంతట అదే ఊడిపోయి, అసలు సంగతుల మధ్య తేడా బయటపడుతుంది. చంద్రశేఖర్ టోపీలోంచి తీసిన అంకెల్లో లోపం లేదు. రెండోసారి వాడటమే లోపం.

అజమత్ ఆ మూడు సంఖ్యల వైపు చూశాడు. అందులో ఏముందో ఆయన చదవకుండా ఫారం బోర్లించాడు. వెంకటయ్య గొంతు ఇంకా తగ్గించాడు.

“పదకొండు పెరిగింది. ఆఖరు తొమ్మిదులు అంటే, ఒకటి ఉన్నకాడ సున్న అయిందన్నట్టు. మేక గాదు, మనిషి. వికారాబాద్‌కెళ్ళి వస్తున్నది. నాకు అర్థమయింది.”

అజమత్ అడిగింది ఒకటే. “హోటల్ల ఏం జెప్తవన్నా?”

“ఓడిపోయిన్నని జెప్త. గా మనిషికి బాగయితున్నది. మధ్యల నేనెందుకు?” వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, కాగితం మాత్రం జల్ది మార్చమనుండ్రి అన్నాడు.

ఆ సాయంత్రం హోటల్లో అందరికీ చాయ్ పోయించాడు. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసుకు ఇదా గతి అని ఎవరో ఎత్తిపొడిచారు. చెవులు ముసలివయినయ్ అని ఊరుకున్నాడు. అజమత్ చంద్రశేఖర్‌ను పిలిపించి, కోపం లేకుండా, పాత కాగితం ఈ రాత్రికే కాల్చండి అన్నాడు. ఎందుకో చెప్పలేదు. సమ్మె ఆగి మొదటి బండి కదిలిన రోజే చంద్రశేఖర్ కొత్త కాగితంతో వికారాబాద్ వెళ్ళాడు. జూన్ ఒకటిన, ఎనిమిదిన వచ్చిన టెలిగ్రాములు వెంకటయ్య నోటుబుక్కులో మళ్ళీ పొంతన లేని అంకెలే. మొత్తం నలభై.

జూన్ రెండో వారంలో అరుణాదేవి ట్రైనింగ్ నుంచి తిరిగొచ్చింది. ఈశ్వరమ్మ ఆమెను చూసి, వికారాబాద్ నీళ్ళు బాగా పట్టినట్టున్నాయి అంది. బడి తెరిచిన రోజు మొదటి గంట ఎనిమిదో తరగతి, బీజగణితం.

అజమత్ ఆ తర్వాత పదకొండేళ్ళు అదే బల్ల దగ్గర పనిచేశాడు. 1983లో చంద్రశేఖర్ ఒక సైన్సు పత్రిక తెచ్చి ఆయనకు వినిపించాడు. అందులో కంప్యూటర్లు రహస్యాలను ఎలా దాస్తాయో రాసి ఉంది. కంప్యూటరుకు అంకెలు రెండే, సున్నా, ఒకటి. ఒకటీ ఒకటీ కలిపితే సున్నా. మన పదులు మోయని కూడికే కదా ఇది, అని అజమత్ నవ్వాడట. కానీ బ్యాంకులు రోజూ లక్షల అంకెలు పంపుకుంటాయి. అంత పొడుగు కాగితం ఎవరూ మోసుకుపోలేరు. అందుకని యంత్రం ఒక పొట్టి తాళంచెవితో పని నడుపుతుంది. సందేశంలో అంకెలకు బదులు అంకెలు పెడుతుంది, వాటి చోట్లు కలిపేస్తుంది, తాళంచెవిని కూడుతుంది. మళ్ళీ బదులు, మళ్ళీ కలపడం, మళ్ళీ కూడటం, పదహారు విడతలు. ఒక్కో విడత విడిగా చేస్తే వెంకటయ్య మధ్యాహ్నంలోగా విప్పేవాడు. పదహారు పూర్తయ్యేసరికి మొదట్లో ఒక్క అంకె మార్చినా చివర్లో ఇంచుమించు సగం అంకెలు మారిపోతాయి. పద్ధతి అంతా అచ్చు వేసి లోకానికి ఇచ్చారు. దాచుకున్నది తాళంచెవి ఒక్కటే. అది ఏడువందల కోట్ల కోట్లకు పైగా రకాల్లో ఏదో ఒకటి. హోటల్‌కు వెళ్ళి అన్నీ చెప్పేసిన మనిషికి ఆ భాగం ప్రత్యేకంగా వివరించాల్సిన పని లేకపోయింది.

ఆయనను ఆశ్చర్యపరిచింది పత్రికలోని రెండో భాగం. తాళంచెవి ముందుగా పంపనక్కరలేని పద్ధతి కూడా కనుక్కున్నారట. చంద్రశేఖర్ దాన్ని పోస్టు డబ్బాతో చెప్పాడు. ఉత్తరం ఎవరైనా వెయ్యవచ్చు, తియ్యడానికి చెవి ఒక్కడి దగ్గరే ఉంటుంది. లెక్కల్లో ఆ డబ్బా చెయ్యడానికి, వెళ్ళడం తేలికై వెనక్కి రావడం కష్టమైన దారి కావాలి. 53ను 59తో గుణించమంటే అజమత్ అరనిమిషంలో 3127 అన్నాడు. 3127 ఏ రెండు సంఖ్యల గుణకారమో చెప్పమంటే గంట పడుతుంది. వంద వంద అంకెల ప్రధాన సంఖ్యలు రెండు తీసుకుంటే కంప్యూటర్లు కూడా ఏళ్ళ తరబడి వెతకాలి. గుణించగా వచ్చిన సంఖ్యను ఊరంతటికీ చెప్పవచ్చు, ఆ సంఖ్యతో ఎవరైనా సందేశం మూసేయవచ్చు. విప్పాలంటే ఆ రెండు సంఖ్యలు విడివిడిగా తెలిసి ఉండాలి. అవి ఎక్కడికీ పంపనక్కరలేదు, ఇంట్లోనే ఉంటాయి.

అజమత్ 3127 రాసిన కాగితం చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. “గిది అప్పుడుంటే మీరు బస్సుకు భయపడే పనే లేకుండె సార్,” అన్నాడు.

వెంకటయ్య అప్పటికి రెండేళ్ళ క్రితమే పోయాడు. దినాలు అయిపోయాక ఆయన భార్య రామమ్మ నోటుబుక్కు తెచ్చి అజమత్‌కు ఇచ్చింది. గిది సాబ్ దగ్గరనే ఉండాలె అన్నడు, అని చెప్పింది. నలభై వరుసలూ తేదీలతో సహా ఉన్నాయి. అజమత్ దాన్ని సొరుగులో సిగరెట్ డబ్బా పక్కన పెట్టాడు.

1985లో ఆయన రిటైరయ్యాడు. ఆ ఆగస్టులో అరుణాదేవి తన పదో తరగతి పిల్లలకు తార్‌బాబును చూపిస్తానని బడికి పిలిచింది. నోటుబుక్కు తెమ్మంది. ఆయన ముందు బెంచీలో, కుడి చెవి బోర్డు వైపు పెట్టి కూర్చున్నాడు. ఆమె పద్ధతంతా చెప్పి, నోటుబుక్కులోంచి ఒక సంఖ్య బోర్డు మీద రాసింది. 23604. తర్వాత పర్సులోంచి మడతలు పడిన కాగితం ఒకటి తీసింది. ఎర్ర సిరాతో గీతలు కొట్టి ఉంది. చంద్రశేఖర్ తన ప్రతిని ఆ రాత్రే కాల్చాడు. ఆమె కాల్చలేదు. అజమత్ కాగితాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమె మూడో వరుస రాసింది. 71604.

భీమమ్మ అనే అమ్మాయి వచ్చి, పదులు మోయకుండా తీసేసింది. 52000 వచ్చింది.

“మొదటి రెండంకెలు చదువు, బిడ్డా.”

“యాభై రెండు, టీచర్. యాభై రెండు ఏంది?”

“కిలోలు. పన్నెండేండ్ల కింద నాకు టీబీ వచ్చింది. తొమ్మిది నెలలు అనంతగిరి దవాఖానల ఉన్న. పోయిన్నాడు ముప్పై ఎనిమిది. గా వారం తూగితే గిది.”

అజమత్ నోటుబుక్కు తనవైపు తిప్పుకుని, జేబులోంచి పెన్సిలు తీసి, 1974 మే 25 ఎదురుగా పదకొండేళ్ళుగా ఖాళీగా ఉన్న చోట అచ్చు కొట్టినట్టు రాశాడు. 52.